పాడైపోయింది అంటే ఏంటమ్మా?

శనివారం పొద్దున్న ఆరున్నర నుంచి ఏడున్నర దాకా మా ఇంట్లో ఎవరూ నన్ను పిలవకూడదు. పాలవాడు బెల్లు కొట్టినా ఆయనే వెళ్ళి తీసుకోవాలి. ఆ గంటసేపు నేను టీచర్‌ని.

డాలస్‌లో అప్పటికి శుక్రవారం రాత్రి ఎనిమిది. ఐదుగురు తెలుగు పిల్లలు అన్నాలు తినేసి నా కోసం కూర్చుంటారు. పెళ్ళయ్యాక నా బీయే తెలుగు పిల్లల హోంవర్కులకీ, చుట్టాల శుభలేఖల్లో అచ్చుతప్పులు దిద్దడానికీ తప్ప ఎందుకూ పనికిరాలేదు. రెండేళ్ళ కిందట మా చెల్లెలి తోటికోడలు తన కూతురికి అక్షరాలు నేర్పమని అడిగింది. అలా మొదలైంది. నెలకింత అని నా పేరు మీద ఉన్న ఖాతాలో డబ్బు పడుతుంది. పెద్ద మొత్తమేం కాదు. కానీ గ్యాస్ బండ డబ్బులో మిగిల్చింది కాదు, కూరగాయల డబ్బులో దాచింది కాదు. నాది. అది ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు.

మొన్న జులైలో ఒక శనివారం యథాప్రకారం "నమస్తే పిల్లలూ" అన్నాను. ఐదుగురూ నా మొహంలోకి చూస్తున్నారు. "నమస్తే" అని మళ్ళీ అన్నాను. అందరికన్నా చిన్నది చెయ్యెత్తి, "టీచర్, యూ ఆర్ ఆన్ మ్యూట్" అంది. మ్యూట్‌లో లేను. నొక్కాను, తీశాను, మళ్ళీ నొక్కాను. లాప్‌టాప్ మూసి తెరిచాను. వాళ్ళ మాటలు నాకు వినిపిస్తున్నాయి, నా మాట వాళ్ళకి వినపడటం లేదు. చివరికి ఫోన్ని చింతపండు డబ్బాకి ఆనించి, ఆ బుల్లి తెరలో ఐదుగురినీ చూస్తూ క గుణింతం అయిందనిపించాను.

ఆయన కాఫీ తాగుతూ, "ఎనిమిదేళ్ళ లాప్‌టాప్. పాతదైపోయింది. ఇంకెంతకాలం పనిచేస్తుంది?" అన్నారు. నాకు మాత్రం మనసులో వేరే ఉంది. ముందురోజు రాత్రి వంటిల్లు సర్దుకుని పడుకోబోయే ముందు 'అప్‌డేట్లు ఉన్నాయి' అని వస్తే సరే అని నొక్కాను. నేనే ఏదో నొక్కకూడనిది నొక్కేశాను అనుకున్నాను. మిక్సీ ఆగినా, కూర మాడినా, ఇంటికొచ్చిన చుట్టాలు ముభావంగా వెళ్ళినా ముందు మనమేం చేశామా అని వెతుక్కునే అలవాటు కదా మనకి.

అబ్బాయి వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ లాప్‌టాప్ ఒకప్పుడు వాడిదే. నత్తలా నడుస్తోందని కిందటేడు సెలవుల్లో అందులో లినక్స్ వేసి నాకిచ్చి వెళ్ళాడు. ఫోన్ చేశాను.

"ఒరేయ్ నాన్నా, లాప్‌టాప్ పాడైపోయిందిరా."

"పాడైపోయింది అంటే ఏంటమ్మా?"

"పాడైపోవడమంటే పాడైపోవడమేరా. పనిచెయ్యట్లేదు."

"ఇప్పుడు వెలుగుతోందా? బొమ్మ కనపడుతోందా? పాటలు వినపడుతున్నాయా?"

అన్నీ అవుతున్నాయి. మైకు ఒక్కటే లేదు.

"మరి లాప్‌టాప్ పాడైంది అనకు. మైకు పనిచెయ్యట్లేదు అను. చివరిసారి ఎప్పుడు పనిచేసింది?"

గురువారం మధ్యాహ్నం మా అమ్మతో దాంట్లోనే మాట్లాడాను. అప్పుడు బాగానే ఉంది.

"గురువారానికీ శనివారానికీ మధ్య ఏం మారింది?"

భయపడుతూనే అప్‌డేట్ సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. "ఓహో, కెర్నెల్ మారి ఉంటుంది. నీ తప్పేం లేదమ్మా" అన్నాడు. ఆ మాటకి నా గుండెలమీంచి రోలు దింపినట్టయింది.

కెర్నెల్ అంటే గింజలో పప్పు. లినక్స్‌కి అదే మూలం. వాడు చెప్పింది నా భాషలో చెప్తాను. ఇంట్లో అందరూ "అమ్మా, కాఫీ" అంటారు. పొయ్యి ఏ వైపు సరిగ్గా మండుతుందో, పంచదార ఏ డబ్బాలో ఉందో వాళ్ళకి అక్కర్లేదు. అమ్మకి తెలిస్తే చాలు. మనం వాడే ప్రోగ్రాములు అలా అడిగేవాళ్ళు. మైకు, స్పీకరు, వైఫై, కెమెరా వంటింట్లో సామాన్లు. మధ్యలో నిలబడి పని జరిపించేది కెర్నెల్. అప్‌డేట్‌లో ఆ అమ్మకి ఎవరో తెలియకుండా డబ్బాలు అటూ ఇటూ మార్చేశారన్నమాట. సామాన్లన్నీ ఉన్నాయి. చెయ్యి పెట్టిన చోట పంచదార లేదు.

"పాత కెర్నెల్ ఇంకా లోపలే ఉంటుందమ్మా. దాంతో ఆన్ చేసి చూద్దాం" అన్నాడు. లాప్‌టాప్ వెలిగేటప్పుడు ఎస్కేప్ మీట నొక్కమన్నాడు. నల్లటి తెర వచ్చింది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని ఒక వరస. దాంట్లోకి వెళ్తే రెండు కెర్నెళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి. తేడా అంతా చివరి రెండంకెల్లోనే. కింద ఉన్న పాతది ఎంచుకున్నాను. మైకు వచ్చింది! "హలో హలో" అంటే తెరమీద ఆకుపచ్చ గీత ఊగింది. ఆయన్ని పిలిచి చూపించాను. లాప్‌టాప్‌కి వయసైపోలేదు. నేనూ ఏమీ పాడుచెయ్యలేదు.

"అయితే ఇంక పాతదాంతోనే నడిపించేస్తాను" అన్నాను.

"ఎన్నాళ్ళు? ఇంకో రెండు అప్‌డేట్లొస్తే ఆ పాతది తీసేస్తుంది. పైగా దొంగలు దూరే కంతలు మూసేది కొత్తవాటిలోనే. నువ్వు చెప్పాలమ్మా. రిపోర్ట్ రాయాలి."

"నేనా? ఎవరో ఒకళ్ళు చెప్పే ఉంటార్లేరా."

"అందరూ అలాగే అనుకుంటారు. కెర్నెల్ రాసేవాళ్ళ దగ్గర నీ లాప్‌టాప్ లేదు కదా. ప్రపంచంలో ఉన్న లాప్‌టాప్‌లన్నీ కొనుక్కుని ఎవరూ పరీక్షించలేరు. పాడైందని వాడేవాళ్ళు చెప్తేనే తెలిసేది."

లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లాండులో హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి. అప్పుడతనికి 21 ఏళ్ళు, మావాడికి ఇప్పుడెన్నో అన్నే. ఇప్పుడది మూడు కోట్ల పంక్తులు దాటిన గ్రంథం. రెండు నెలలు దాటేసరికి ఒక కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదాంట్లో పదివేలకి పైగా మార్పులు ఉంటాయి. అన్ని మార్పుల్లో పొరపాట్లు దొర్లడం సహజం. వాళ్ళలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. నిన్నటిదాకా పనిచేసింది కొత్త కెర్నెల్‌తో ఆగిపోతే దాన్ని రిగ్రెషన్ అంటారు. అది కెర్నెల్ తప్పే, సరిచేసే బాధ్యత వాళ్ళదే. "మీ మిషను పాతది, సర్దుకోండి" అని తప్పించుకోకూడదు. సర్దుకోమని అనకూడదట! ఈ నియమం చాలా ఇళ్ళల్లో లేదు.

సరే, ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కూర్చుని రిపోర్ట్ రాశాను. గౌరవనీయులైన అయ్యలకు అని మొదలుపెట్టి, అప్‌డేట్ వల్ల నా మైకు పాడైందనీ, బ్లూటూత్ కూడా అప్పుడప్పుడు తెగిపోతోందనీ, బ్యాటరీ కూడా తొందరగా అయిపోతోందనీ, దయచేసి తగు చర్య తీసుకోవలసిందనీ ఇంగ్లీషులో ఒక పేజీ. మీటర్ రీడింగు తప్పొచ్చినప్పుడు కరెంటాఫీసుకి రాసే అర్జీలా. మావాడికి పంపితే కాసేపు నవ్వి, తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు.

మొదటిది, ఒక రిపోర్టులో ఒకటే సమస్య. మైకు చూసేవాళ్ళు వేరు, బ్లూటూత్ చూసేవాళ్ళు వేరు. మూడూ కలిపి రాస్తే ముగ్గురూ పక్కవాళ్ళది అనుకుంటారు.

రెండోది, ఎక్కడ చెప్పాలో చూసుకోవాలి. కెర్నెల్‌లో ఏ భాగానికి ఎవరు బాధ్యులో రాసిన జాబితా ఉంటుంది. కానీ మనలాంటివాళ్ళకి కెర్నెల్ నేరుగా రాదు. మనం వేసుకున్న లినక్స్ తయారుచేసేవాళ్ళు తీసుకుని, తమ మార్పులు కలిపి మనకిస్తారు. కాబట్టి ముందు వాళ్ళకే చెప్పాలి. పాలు విరిగితే పాలవాణ్ణి అడుగుతాం గానీ గేదె దగ్గరకి వెళ్ళం కదా.

మూడోది నా చదువుకి తగిలింది. "అప్‌డేట్ వల్ల పాడైంది అని రాశావు. వల్ల అని నీకెలా తెలుసు? తరువాత అని రాయి" అన్నాడు. నా కొడుకు, తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు, నాకు పంచమీ విభక్తి పాఠం చెప్తున్నాడు! కానీ నిజమే. కాకి వాలిన తరువాత తాటిపండు పడింది. కాకి వల్లే పడిందా? తరువాత నుంచి వల్ల దాకా వెళ్ళాలంటే మధ్యలో కొంచెం పని చెయ్యాలి. పాత కెర్నెల్‌తో మూడుసార్లు, కొత్తదాంతో మూడుసార్లు మార్చి మార్చి వెలిగించాను. పాతదాంతో మూడుసార్లూ మైకు ఉంది, కొత్తదాంతో మూడుసార్లూ లేదు. అప్పుడు ఆ లెక్క ఉన్నదున్నట్టు రాశాను. 'వల్ల' అని ఇప్పటికీ రాయలేదు. ఆ మాట అనాల్సింది తెలిసినవాళ్ళు.

నాలుగోది సాక్ష్యాలు. నల్ల తెరలో యూనేమ్ అని కొట్టి పక్కన మైనస్ ఆర్ పెడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ పూర్తి పేరు వస్తుంది. డీమెసేజ్ అని కొడితే లాప్‌టాప్ వెలిగినప్పటి నుంచి కెర్నెల్ తనలో తాను గొణుక్కున్న మాటలన్నీ వస్తాయి. పాతదాంతో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి తీసి రెండు ఫైళ్ళుగా దాచాను. శబ్దం సంగతులకి ఆల్సా ఇన్ఫో అని ఒకటుంది, లోపల ఏ సౌండు చిప్పు ఉందో, దాని తీగ ఏదెక్కడికి వెళ్తోందో మొత్తం రాసిపెడుతుంది. ఈ ఫైళ్ళల్లో లాప్‌టాప్ సీరియల్ నంబరు, వైఫై చిరునామా లాంటివి కూడా ఉండొచ్చు, పంపేముందు చూసి చెరిపెయ్యమన్నాడు. ఇది మీరూ గుర్తుంచుకోండి.

ఇంగ్లీషు అంతా కలిపి పన్నెండు వాక్యాలకి తగ్గించాను. ఏది వాడుతున్నాను, ఏం జరగాలి, ఏం జరుగుతోంది, ఎప్పటిదాకా బాగుంది, ఎప్పటినుంచి లేదు, ఎన్నిసార్లు చూశాను. బీయేలో సంక్షిప్తీకరణ రాసినప్పుడు కూడా ఇంత కష్టపడలేదు. పంపించాను.

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. శనివారం పాత కెర్నెల్‌తో క్లాసు చెప్పుకున్నాను.

ఆ నాలుగు రోజుల్లోనే ఒక సాయంత్రం తెనాలి నుంచి అమ్మ ఫోన్. మాటల మధ్యలో "కాళ్ళు కాస్త బరువుగా ఉంటున్నాయే" అంది. "ఏమైందమ్మా?" అంటే "ఏముంది, వయసు. నువ్వేం కంగారుపడకు" అంది. ఇదే మాట అంతకుముందు కూడా రెండుసార్లు అన్నట్టు గుర్తొచ్చింది. ప్రతిసారీ నేనూ "అవునమ్మా, ఎక్కువ నడవకు" అని ఊరుకున్నాను. ఆయన లాప్‌టాప్‌ని అన్న మాటే మా అమ్మ తనని తాను అంటోంది. పాతదైపోయింది.

"బరువంటే ఏంటమ్మా? నొప్పా, వాపా?"

"వాపే. సాయంత్రానికి చెప్పులు పట్టవు."

"చివరిసారి ఎప్పుడు పట్టాయి?"

అమ్మ ఆలోచించింది. "ఉగాదికి గుడికి ఆ చెప్పులతోనే వెళ్ళాను. బాగానే ఉన్నాయి."

"ఉగాదికీ ఇప్పటికీ మధ్య ఏం మారింది?"

"ఏం మారతాయే నాకు? అదే ఇల్లు, అవే ముద్దలు" అంది. వెనకనుంచి వదిన గొంతు వినిపించింది. "మే నెలలో బీపీ మాత్ర మార్చారు కదండీ అత్తయ్యా."

ఆ రాత్రే ఒక కాగితం మీద రాశాను, రిపోర్ట్ రాసినట్టే. ఒకటే సమస్య. ఏప్రిల్‌లో వాపు లేదు. మే నెలలో మాత్ర మారింది, పేరు ఇది, మోతాదు ఇది. జూన్ నుంచి రెండు కాళ్ళకీ వాపు, పొద్దున్న తక్కువ, సాయంత్రం ఎక్కువ. మోకాళ్ళ నొప్పీ, నిద్ర పట్టకపోవడమూ అమ్మ రాయించబోతే అవి తర్వాత అన్నాను. 'మాత్ర వల్ల' అని రాయలేదు. 'మాత్ర మార్చిన తరువాత' అని రాశాను.

లాప్‌టాప్‌కీ అమ్మకీ ఒక తేడా ఉంది, అది కూడా చెప్పాలి. కెర్నెల్‌ని పాతదీ కొత్తదీ మార్చి మార్చి చూసినట్టు మాత్రలతో చెయ్యకూడదు. బీపీ మాత్ర మనంతట మనం ఆపితే ప్రాణం మీదకి రావచ్చు. అందుకని అమ్మని మాత్ర మానొద్దని గట్టిగా చెప్పి, మర్నాడు బస్సెక్కాను. డాక్టరుగారు కాగితం చదివారు. కాళ్ళ మీద వేలితో నొక్కి చూశారు, రక్తపరీక్షలు రాశారు. కొన్ని రకాల బీపీ మాత్రలతో కొందరికి ఇలా కాళ్ళు వాస్తాయట. వేరే రకం రాశారు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగితే అమ్మ, "మీకు వంద మంది ఉంటారు కదండీ, ఇదొకటా అనుకున్నాను" అంది.

నేను అబ్బాయితో అన్నది కూడా అదే కదా.

తిరుగు బస్సులో ఉండగా జవాబొచ్చింది. ఎవరో, ఏ దేశమో తెలియదు. రిపోర్ట్ బాగా రాశారని థాంక్స్ చెప్పి, ఇంకా కొత్త కెర్నెల్‌తో కూడా ఒకసారి చూడగలరా అని అడిగారు. కొత్తదాంట్లో ఇప్పటికే బాగైపోయి ఉంటే మళ్ళీ వెతుక్కోవడం ఎందుకని. వాడు ఫోన్లో చెప్తుంటే చేశాను. దాంతోనూ మైకు లేదు. అది రాశాను.

అవసరమైతే బైసెక్ట్ చెయ్యాల్సి రావచ్చని మావాడు ముందే చెప్పాడు. దీపావళి సీరియల్ లైట్లలో ఏ బల్బు పోయిందో చూడాలంటే సగం నుంచి చూస్తాం కదా. ఆ సగం బాగుంటే తప్పు ఈ సగంలో ఉంది, మళ్ళీ దాంట్లో సగం. పదివేల మార్పులున్నా ఇలా సగాలు చేసుకుంటూ పోతే పద్నాలుగు సార్లలో తప్పు దొరుకుతుందట. నాకా అవసరం రాలేదు. ఆల్సా ఇన్ఫో ఫైలు చూసి ఆ మనిషే పట్టుకున్నారు. ఒక్కో లాప్‌టాప్‌లో మైకు తీగ ఒక్కో చోట కలుపుతారు. మన పొయ్యిల్లో ఒకటి కుడివైపు తిప్పితే వెలుగుతుంది, ఒకటి నొక్కి తిప్పాలి, అలాగన్నమాట. ఆ వంకరలన్నీ మోడల్‌వారీగా కెర్నెల్‌లో ఒక పట్టికలో రాసి ఉంటాయి. నా లాప్‌టాప్‌ని పోలిన ఇంకో మోడల్ కోసం ఒక వరస చేరిస్తే, అది పొరపాటున నాదానికి కూడా తగులుకుంది. పరీక్షకి ఒక కెర్నెల్ పంపారు. వేశాను. "హలో" అన్నాను. ఆకుపచ్చ గీత ఊగింది.

తర్వాత కొన్ని వారాలకి ఆ సవరణ మామూలు అప్‌డేట్‌లోనే వచ్చింది. ఆ మార్పు కింద, ఎవరు చెప్పారో, ఎవరు పరీక్షించారో రాసే ఆచారం ఉంది. నన్ను అడిగే నా పేరు పెట్టారు. మావాడు ఆ పేజీ ఫొటో తీసి పంపాడు. రేషన్ కార్డులో ఫలానావారి భార్యగా, స్కూలు ఫారాల్లో ఫలానావాడి తల్లిగా ఉండే పేరు, అక్కడ వట్టి నా పేరుగా ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇంతకీ నువ్వేం కనిపెట్టావు?" అన్నారు. ఏమీ కనిపెట్టలేదండీ, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను, అన్నాను.

అమ్మ కాళ్ళ వాపు రెండు వారాలకి చాలావరకు దిగింది. మొన్న ఫోన్లో, "చెప్పులు పడుతున్నాయే. కానీ ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు మాత్రమే పట్టేస్తోంది, పదిరోజుల నుంచి" అంది. ఎడమ, మెట్లు దిగేటప్పుడు, పదిరోజుల నుంచి. ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. డెబ్భై మూడేళ్ళకి మా అమ్మ మొదటిసారి తన నొప్పిని ఇలా చెప్పింది.

మీ ఇంట్లో ఎవరైనా "ఏం లేదులే, అదే తగ్గుతుంది" అంటుంటే ఈ మూడూ అడిగి చూడండి. సరిగ్గా ఏది బాగాలేదు? చివరిసారి ఎప్పుడు బాగుంది? ఆ మధ్యలో ఏం మారింది? ముందు మిమ్మల్ని మీరే అడుక్కున్నా తప్పులేదు. నాకూ కుడి భుజం ఒకటుంది, చెయ్యి పైకెత్తి జడ వేసుకుంటుంటే పట్టేస్తోంది. "పనెక్కువై" అని ఆర్నెల్లుగా తోసేస్తున్నాను. ఇవాళ క్లాసయ్యాక కాగితం తీసి తారీకులు వెయ్యడం మొదలుపెట్టాను.